మూడు కొసరు కార్డులు

అప్పట్లో చోడవరంలో కంప్యూటరు లేదు. కంప్యూటరు ప్రోగ్రాములు మాత్రం రెండు బీరువాల నిండా ఉండేవి. వాటిని ఏ వరసలో సర్దాలన్న గొడవతోనే నా ఉద్యోగంలో మొదటి రెండేళ్ళూ గడిచిపోయాయి. ఈ మాట ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. అప్పుడూ నమ్మలేదు. మా నాన్న తన స్నేహితులతో, మావాడు చెరకాఫీసులో అట్టముక్కలు పేరుస్తాడని చెప్పేవాడు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు.

డెబ్భైల చివరి మాట ఇది. మాది చెరకు రైతుల సంఘం ఆఫీసు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఎవరి చెరకు ముందు నరకాలి, ఎవరిది తరవాత నరకాలి అని జాబితా తయారుచెయ్యడం మా పని. జాబితాలో వంతు వచ్చిన రైతుకి కటింగ్ ఆర్డరు అని ఒక చీటీ ఇస్తాం. ఆ చీటీ లేని బండి మిల్లు గేటు దాటదు. గుమాస్తాలు చేత్తో రాసే జాబితాల మీద రోజూ తగువులే. తన మేనల్లుడి చెరకు ముందు రాశాడని ఒక గుమాస్తాని అరటితోటలో నిలబెట్టి అడిగారు కూడా. అప్పుడు సంఘం పెద్దలకి ఎవరో కంప్యూటరు సంగతి చెప్పారు. దానికి మేనల్లుళ్ళు ఉండరన్న మాట వాళ్ళకి బాగా నచ్చింది. లెక్కల్లో బీయస్సీ పాసై ఖాళీగా తిరుగుతున్న నన్ను ఆరువారాలు విశాఖపట్నం పంపి ఆ విద్య నేర్పించారు.

మిషను కొనుక్కునే తాహతు మాకు లేదు. పెద్ద ఆఫీసులు తమ పని అయ్యాక వారానికో గంట మాకు వదిలేవి. అలా విశాఖపట్నంలో ఒక ఆఫీసు మిషను, ఒక కాలేజీ మిషను, హైదరాబాదులో ఇంకోటి, మొత్తం మూడు దొరికాయి. ఏ వారం ఏది ఖాళీ ఉంటే దాని దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. చిక్కేమిటంటే మూడు మిషన్లకీ మూడు యాసలు. ఒకదానికి అర్థమైన ప్రోగ్రాము ఇంకోదానికి తలకెక్కదు. అందుకని ఒకే పనిని మూడు రకాలుగా రాసుకోవాలి. అప్పట్లో ప్రోగ్రామంటే చిల్లులు కొట్టిన అట్టకార్డుల కట్ట. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. మూడొందల వాక్యాలు రాస్తే మూడొందల కార్డులు, వాటికి చుట్టూ ఎర్ర నాడా. నేను రాసినవి పది పనులు. తేదీలు లెక్కకట్టేది ఒకటి, రైతులని వరసలో పెట్టేది ఒకటి, జాబితా అచ్చువేసేది ఒకటి, ఇలాగ. పది పనులు, మూడు మిషన్లు, ముప్ఫై కట్టలు.

ఈ ముప్ఫై కట్టలు బీరువాలో ఎలా పెట్టాలి? మిషను వారీగా పెడితే ఒక మిషను దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ అర మొత్తం సంచీలో వేసుకుపోవచ్చు. పని వారీగా పెడితే ఒక పనిలో తప్పు దొరికినప్పుడు మూడు కట్టల్లోనూ ఒకేసారి దిద్దచ్చు. మరి అన్ని పనులకీ కావలసిన తేదీల కట్ట ఎక్కడుండాలి? మా ఇంట్లో అమ్మ పప్పులు ఒక పక్కా పిండ్లు ఒక పక్కా పెట్టుకుంటుంది, పోపులడబ్బా మాత్రం ఏ పక్కా కాకుండా పొయ్యి దగ్గరే ఉంటుంది. నేను దాన్ని చూసి పెద్ద సిద్ధాంతం చేశాను. పదకొండు పేజీలు రాసి, బొమ్మలు గీసి, రికార్డు గదికి పట్టుకెళ్ళాను.

రికార్డు గది పెద్ద గుమాస్తాగారిది. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. బీరువా తెరిచే ముందు రూళ్ళకర్రతో తలుపుమీద మూడుసార్లు కొట్టేవారు, బల్లులు తప్పుకోవడానికి. నా పదకొండు పేజీలూ ఓపిగ్గా చదివి, కళ్ళజోడు తీసి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఇవి ఏ ఊరివి బాబూ?"

"ఏ ఊరివీ కావండి. ఇవి ప్రోగ్రాములు."

"అలాగ్గాదు. ఈ గదిలో కాయితం ఏదైనా దానికో ఊరుండాల. ఊరు, నెంబరు, సంవత్సరం. ఊరు నేకపోతే రిజిస్టర్లో ఎక్కదు. రిజిస్టర్లో ఎక్కకపోతే బీరువాలో ఎట్టడానికి నేదు. కిందెట్టుకో మరి."

కింద చెదలు. నాకంటే ముందునుంచీ ఆ గదిలో కాపురం ఉంటున్నవి. రెండు వారాలు వాదించాను. మా పై అధికారి కేన్ ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన, రికార్డు గది విషయాల్లో తాను వేలు పెట్టనన్నారు. చివరికి ఒక మధ్యాహ్నం నేనూ పెద్ద గుమాస్తాగారూ ఎదురెదురుగా కూచుని ప్రోగ్రాములకి ఊళ్ళు పంచాం. వరసలో పెట్టే ప్రోగ్రాము రోలుగుంటకి ఇచ్చాం. అచ్చువేసేది బుచ్చయ్యపేటకి. తేదీల ప్రోగ్రాము అన్నిటికంటే లావు, చీడికాడ అర ఖాళీగా ఉంది కాబట్టి అది చీడికాడ వెళ్ళింది. ఎక్కడా ఇమడనివి పెట్టుకోవడానికి అట్టడుగున "ఇతరములు" అని ఒక అర ఉండేది. నాకు అదొక్కటే ఇస్తే చాలు, ముప్ఫై కట్టలూ అందులో పడేసి సుఖంగా ఉండేవాణ్ణి. కానీ ఇతరములలో పెట్టాలంటే అది ఏ ఊరికీ పట్టదని రుజువు చెయ్యాలట. పెద్ద గుమాస్తాగారు నా కట్టలన్నీ రిజిస్టర్లో గుండ్రటి అక్షరాలతో ఎక్కించి, "ఇప్పుడు వీటికో నిలకడొచ్చింది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వారం తిరక్కుండా బుచ్చయ్యపేట నుంచి పదిమంది రైతులు వచ్చారు. వాళ్ళకి సంగతి ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

"మాకు అచ్చేసేది ఇచ్చేరట. రోలుగుంటోల్లకి వరసెట్టేది ఇచ్చేరట. నిజమేనా?" అని వాళ్ళలో పెద్దాయన నన్ను అడిగాడు.

"అది ఉత్తినే, బీరువాలో పెట్టుకోడానికండి."

"బీరువాలో అయితేనేటి? వరస ఆల్ల సేతిలో ఉంటే మా బల్లు ముందుకెలాగొస్తాయి? మాకేటి, ఆల్ల పేర్లు అచ్చేసుకుంటా కూకోవాలా?"

కార్డులకి ఊళ్ళమీద అభిమానం ఉండదని గంటసేపు చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, అలాగైతే ఆ వరస కట్టని రోలుగుంటనుంచి తీసి తమ అరలో పెట్టమన్నాడు. మర్నాడు రోలుగుంట వాళ్ళు వచ్చి పెట్టద్దన్నారు. ఆ మర్నాడు ఇద్దరూ కలిసి వచ్చారు. చివరికి సంఘం సమావేశం పెట్టి తీర్మానం చేసింది: వరస ప్రోగ్రాము ఇరవై ఊళ్ళకీ తలో ప్రతీ ఉండాలి, ఊరికో మూడు, మిషనుకి ఒకటి చొప్పున. ఏ ఊరి జాబితా ఆ ఊరి ప్రతితోనే తియ్యాలి. శనివారానికి రెండు మూడు ఊళ్ళ చొప్పున, వంతులవారీగా. మిషను అచ్చువేసిన వరసని ఎవరూ చేత్తో దిద్దకూడదు, చేత్తో రాయకూడదు.

ఆ ఆఖరి వాక్యం నేను రాసిచ్చిందే. చాలా గర్వపడుతూ రాశాను.

అలా ఒక ప్రోగ్రాముకి అరవై కట్టలయ్యాయి. పెద్ద గుమాస్తాగారు వాటిని ఏ ఊరివి ఆ ఊరి అరలో సర్దారు. అన్నిటినీ ఎక్కించిన రిజిస్టరు నా బల్లమీదే వారంరోజులు ఉంది. నేను తెరవలేదు. లెక్కల్లో ఫస్టుక్లాసు వచ్చినవాడు బీరువా రిజిస్టరు చదవాలా అనుకున్నాను.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. మా నాన్న చెల్లెలు. చీడికాడ కోడలు. నా చిన్నప్పుడు అమ్మకి టైఫాయిడ్ తిరగబెట్టి మంచాన పడితే ఆరునెలలు నన్ను ఆవిడే పెంచింది. ఆవిడంటే నాకు అమ్మ తరవాత అమ్మ. మావయ్య పోయాక ఎకరన్నర పొలం ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ మరిది మాత్రం ఆడమనిషివి, నీవల్ల కాదు, పొలం నాకొదిలెయ్ అని మొదలుపెట్టాడు. అత్త వినలేదు. మావయ్య పెట్టిన పాత తోట తీయించేసి, ఫిబ్రవరిలో తనే దగ్గరుండి కొత్త చెరకు నాటించింది. తన చేత్తో పెట్టిన మొదటి పంట. అప్పుడు పెద్దమనుషుల ముందు ఒప్పందం జరిగింది: ఈ చెరకు ఎండిపోకుండా మిల్లుకి చేరితే పొలం జోలికి మరిది రాడు. చేరకపోతే వచ్చే ఏడునుంచి దున్నేది అతనే.

సీజను మొదలవగానే అత్త ఒక సోమవారం ఆఫీసుకి వచ్చింది. సోమవారం సంతకి ఎలాగూ చోడవరం వస్తుంది.

"ఒరే బాబూ, నా సెరుకు ఎప్పుడు కొడతారో కాస్త సూసి సెప్పు. శివరాత్రి దాటితే నిలవదు, బెండైపోద్ది."

"నీ వంతు వచ్చినప్పుడు అదే వస్తుందత్తా. ఇప్పుడు కంప్యూటరు. దానికి సిఫార్సులు ఉండవు."

"నానేటి సిఫార్సు సెయ్యమన్నాను? సూడమన్నాను, అంతే."

ఆవిడ ముందు ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

జనవరి వచ్చింది. మొదటి శనివారం రోలుగుంట జాబితా తీసి చూస్తే, సగం తోటల వయసు సున్నాకంటే తక్కువ వచ్చింది. తప్పు వెంటనే దొరికింది. నా ప్రోగ్రాము నెలలు చూసిందిగానీ సంవత్సరం మారిందని చూడలేదు. ఫిబ్రవరి అంటే రెండు, జనవరి అంటే ఒకటి, ఒకట్లోంచి రెండు తీసేస్తే మైనస్ ఒకటి. కొత్తగా నాటిన తోటలకే ఈ గొడవ. కొట్టేసిన మొదళ్ళనుంచి మళ్ళీ చిగిర్చే కార్శి తోటల వయసు లెక్క వేరు. విరుగుడుగా ఒకే ఒక్క కార్డు చాలు, వయసు సున్నాగానీ అంతకంటే తక్కువగానీ వస్తే పన్నెండు కలపమని. దాన్ని వరస కట్టలన్నిటిలోనూ పెట్టాలి. విశాఖపట్నంలో కార్డులు కొట్టే ఆవిడతో మిషనుకి ఇరవై చొప్పున అరవై కొట్టించాను. చోడవరం వచ్చి, రెండు బీరువాల్లో ఊళ్ళ అరలన్నీ తెరిచి, కనిపించిన వరస కట్ట కనిపించినట్టు విప్పి, ఒక్కో కార్డు దూర్చి, మళ్ళీ నాడా కట్టాను. రోలుగుంట జాబితా మళ్ళీ తీస్తే శుభ్రంగా వచ్చింది.

చివర నా చేతిలో మూడు కార్డులు మిగిలాయి.

ఎవరైనా ఆలోచించాలి గదా. నేను ఆలోచించలేదు. మా వైపు ఏది కొన్నా కొసరుంటుంది. వంకాయలు తూచి పైన రెండు వేస్తారు, పాలు కొలిచి పైన ఒక చుక్క పోస్తారు, ఆఖరికి సైకిలుకి గాలి కొట్టేవాడు కూడా చివర ఒక దెబ్బ ఎక్కువ కొడతాడు. కార్డులు కొట్టే ఆవిడది అనకాపల్లి. అరవై అడిగితే అరవై మూడు ఇచ్చిందనుకున్నాను, మనవైపు మనిషి, మర్యాద తెలిసిన మనిషి అని మెచ్చుకున్నాను కూడా. రెండు కార్డులు పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్నాను. మూడోది, ఆ సోమవారం వచ్చిన అత్తకిచ్చి, కంప్యూటరు తినే తిండి ఇదే అని చూపించాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, చిల్లుల్లోంచి నన్ను చూసి, నవ్వి, విసురుకోడానికి బాగుందని సంచీలో పెట్టుకుంది.

రెండు వారాల తరవాత చీడికాడ వంతు వచ్చింది. ఆ ఏడు అక్కడ అందరివీ కార్శి తోటలే. కొత్త తోట అత్తదొక్కటే. జాబితాలో అందరూ వరసగా ఉన్నారు. అందరికంటే ఆఖరున అత్త పేరు, దాని ఎదురుగా వయసు: మైనస్ ఒకటి.

అంటే అత్త చెరకు పుట్టడానికి ఇంకా నెలరోజులుంది.

నాకు నా కార్డు మీద ఎంత నమ్మకమంటే, తప్పు ప్రోగ్రాములో ఉండటానికి వీల్లేదని ఒక్క నిమిషంలో తేల్చేశాను. నాటిన తేదీ తప్పు చెప్పి ఉంటావని అత్తనే అన్నాను.

"నాటిన రోజు నాకు తెలీదేట్రా?" అంది అత్త. "మీ మావయ్య సంవత్సరీకం అయిన మూడోనాడు. ఆ రోజు మరిసిపోతానా?"

తేదీ సరిగానే ఉంది. అయినా చేత్తో దిద్దకూడదు కదా, తీర్మానం ఉంది. తోటలు చూసొచ్చే ఫీల్డుమేన్ని చీడికాడ పంపాం. అతను పొలానికి వెళ్ళి, చెరకు మధ్యలో నిలబడి, తిరిగొచ్చి రాసిచ్చాడు: "స్థలములో చెరకు నిలువెత్తు కంటె హెచ్చుగా ఉన్నది. జాబితా ప్రకారము లేదు." ఆ కాగితం కేన్ ఆఫీసరుగారి దగ్గరకి వెళితే ఆయన కింద రాశారు: "జాబితా ప్రకారము చెరకు ఇంకను నాటబడలేదు. నాటిన పిదప దరఖాస్తు చేసుకొనవలెను."

ఈ ఉత్తర్వు నేనే అత్తకి చదివి వినిపించాను.

"అంటే పుట్టనేదంటావు" అంది ఆవిడ.

"నేను కాదత్తా, మిషను."

"మరి నా నెత్తి మీదకి ఎదిగిందేటిరా, గడ్డా?"

తరవాతి సోమవారం నుంచి అత్త వచ్చినప్పుడల్లా పొలంలోంచి ఒక చెరకు గడ పట్టుకొచ్చింది, పుట్టిందనడానికి సాక్ష్యం. పెద్ద గుమాస్తాగారు దాన్ని కాదనలేదు. ఆఫీసుకి వచ్చిన ఏ వస్తువైనా ఇన్‌వర్డు రిజిస్టర్లో ఎక్కాల్సిందే. "చెరకు గడ ఒకటి, దరఖాస్తుకు జతపరచినది" అని రాసి, నెంబరు వేసి, గడకి చీటీ కట్టారు. చీడికాడ అరలో పట్టదు. రెండు ముక్కలు చెయ్యచ్చుగా అన్నాను.

"దస్తావేజుని నరుకుతారేటి బాబూ?" అన్నారాయన నా వంక జాలిగా చూసి.

అందుకని గడలని బీరువా పక్కన నిలబెట్టారు. ఒకటి, రెండు, మూడు. చీమలు వచ్చాయి. చెదలకి తోడు చీమలు. నాలుగో సోమవారం వచ్చిన గడకి పైన తెల్లటి పూత ఉంది. పూత వచ్చిందంటే ఇంక చెరకులో రసం తగ్గడమే. శివరాత్రి ఇంకా పన్నెండు రోజులుంది. మరిది ఆవేళ అత్తతోపాటే బస్సులో వచ్చి, ఆఫీసు బయట అరుగుమీద కాలుమీద కాలేసుకుని కూచున్నాడు. లోపలికి రాలేదు. రావలసిన అవసరం అతనికి లేదు.

అత్త నా బల్ల ఎదురుగా కూచుంది. ఏడవలేదు. సంచీలోంచి ఆ కార్డు తీసి విసురుకుంటోంది. నేను తల దించుకుని చీడికాడ జాబితా పదోసారి చూస్తున్నాను. తలెత్తితే ఆ కార్డు నా మొహానికి జానెడు దూరంలో అటూ ఇటూ ఊగుతోంది. పైన అచ్చయిన అక్షరాలు వద్దన్నా చదువుకున్నాను: వయసు సున్నాగానీ అంతకంటే తక్కువగానీ అయితే పన్నెండు కలుపు.

కొసరు మూడు. ఒక ఊరికి కట్టలు మూడు.

లేచి రికార్డు గదిలోకి పరుగెత్తాను. చీడికాడ అర తెరిచాను. అందులో ఉన్నది తేదీల ప్రోగ్రాము మూడు కట్టలు, అర నిండా. వరస కట్టలు లేవు.

"చీడికాడ వరస కట్టలు ఎక్కడున్నాయండి?" అని అడిగాను.

పెద్ద గుమాస్తాగారు రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించారు. "ఆ అరలో కాలీ నేదని అప్పుడే రుజువు రాసేను సూడు. ఇతరములు, పద్నాలుగు, పదిహేను, పదహారు. చీడికాడ వంతొచ్చినప్పుడు సంచీలో ఎట్టింది నానే. నీ బల్లమీద వారం రోజులుందీ పుస్తకం. సదవనేదా బాబూ?"

చదవలేదు. వంతు రోజున ఆయన సంచీలో పెట్టిచ్చింది పెట్టిచ్చినట్టు పట్టుకెళ్ళి మిషనులో వేశాను. ఆవిడ చెరకు పుట్టకుండా చేసింది మిషనూ కాదు, తీర్మానమూ కాదు, పెద్ద గుమాస్తాగారి ఊళ్ళ పిచ్చి కూడా కాదు. నేనే. సరిచేసే కార్డు ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడనే తప్పుపట్టి, నాలుగు సోమవారాలు ఆవిడచేత బస్సులో గడలు మోయించాను. ఉన్నమాట పెద్ద గుమాస్తాగారికి చెప్పేశాను. చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆయన వంతుల కాగితం తీసి చూశారు. చీడికాడ వంతు మళ్ళీ శివరాత్రి వెళ్ళిన వారానికి. వచ్చే శనివారం ఉన్నది రోలుగుంట, బుచ్చయ్యపేట.

"వంతు మార్చాలంటే మళ్ళీ సమావేశం పెట్టాల. ఇరవై ఊళ్ళోళ్ళూ రావాల. అయ్యే పని గాదు" అన్నారు. తరవాత రూళ్ళకర్రతో బీరువాని మెల్లిగా కొడుతూ, "చేత్తో రాయకూడదన్నావు. చేత్తో దిద్దకూడదన్నావు. రైతు కార్డు ఒక అరలోంచి తీసి ఇంకో అరలో ఎట్టకూడదని ఎక్కడైనా రాసేవా?" అని అడిగారు.

రాయలేదు.

ప్రతి రైతుకీ ఒక కార్డు, ఒక ఊరి రైతుల కార్డులన్నీ కలిపి ఒక కట్ట ఉంటాయి. రైతు కార్డు మీద పేరూ, తోట వివరాలే తప్ప ఊరు ఉండదు. ఊరి పేరు కట్టకి పైనున్న మొదటి కార్డు మీదే ఉంటుంది. అంటే ఒక మనిషిని ఊరు మార్చడానికి రెండు వేళ్ళు చాలు. ప్రోగ్రాముల సర్దుబాటు మీద పదకొండు పేజీలు రాసిన నాకు ఈ సంగతి తట్టలేదు. ఆయన చీడికాడ కట్టలోంచి అత్త కార్డు తీసి, రోలుగుంట కట్టలో పెట్టి, నాడా బిగించి, రిజిస్టర్లో ఎక్కించారు. రోలుగుంట వరస ప్రోగ్రాము మొదట సరిచేసిందే కదా. చీడికాడ కట్టలకి తరవాత కొత్తగా మూడు కార్డులు కొట్టించి పెట్టాను.

శనివారం విశాఖపట్నం కాలేజీ మిషను మీద రోలుగుంట జాబితా తీశాను. అత్త తోట వయసు పన్నెండు నెలలని వచ్చింది, పేరు పైనుంచి నాలుగోది. ఆ కాగితం మిషనులోంచి బయటికి రాగానే చింపుకుని చోడవరం బస్సెక్కాను. మంగళవారానికి కటింగ్ ఆర్డరు చేతికిచ్చాం. శివరాత్రికి మూడు రోజుల ముందు అత్త చెరకు ఆఖరి బండితో సహా మిల్లు గేటు దాటింది. రోలుగుంట ఫీల్డుమేను ఆవిడ పొలం కోసం రోలుగుంటంతా రెండు రోజులు తిరిగి, కనిపించినవాళ్ళనల్లా అడిగి, "స్థలము కనబడలేదు. చెరకు మాత్రము వచ్చినది" అని రాసిచ్చాడు. రెండు రిపోర్టులూ పెద్ద గుమాస్తాగారు పక్కపక్కనే భద్రపరిచారు.

మరిది ఊరుకోలేదు. ఎండాకాలంలో ఆఫీసుకి వచ్చి, ఈసారి లోపలికే వచ్చి, చీడికాడ ఆఖరి జాబితా అచ్చు నకలు అడిగాడు. అందులో వదిన పేరు లేదు. పేరు లేదు కాబట్టి చెరకు మిల్లుకి వెళ్ళనట్టే, మాట ప్రకారం వచ్చే ఏడు ఆ పొలం చెరకు అగ్రిమెంటు తన పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాడు. ఊరందరి కళ్ళముందు బళ్ళు కదిలాయి, అయినా కాగితంలో లేదన్నాడు. కాగితంలో ఉన్నదే నిజమని ఆ సీజనంతా వాదించింది మేమేగా.

పెద్ద గుమాస్తాగారు దరఖాస్తు రెండుసార్లు చదివారు.

"మీ వదిన పొలం చీడికాడలో ఉందంటావు."

"మరెక్కడుంటాదండి? మా పొలం గట్టు పక్కనేగదా."

"మా దగ్గర చీడికాడలో ఆ పేరూ నేదు, ఆ పొలమూ నేదు. నువ్వే నకలు తీసుకున్నావు, సూసుకో. నేని పొలం నీ పేరుకెలా మారుస్తాం?"

"మరి ఎక్కడుందండి?"

"రోలుగుంటలో."

అతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ దరఖాస్తుకి పెద్ద గుమాస్తాగారు నెంబరు వేసి, అది ఏ ఊరికీ పట్టదని రాసి, ఇతరములలో పెట్టారు. ఆయన సర్వీసు మొత్తంలో రుజువు అడక్కుండా ఇతరములలో పెట్టిన కాగితం అదొక్కటే.

మర్నాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఇంక అత్త కార్డు వెనక్కి చీడికాడ పెట్టేద్దామండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఎట్టేవంటే రేపే వస్తాడు" అన్నారు.

అప్పటినుంచి నా ఉద్యోగానికి ఒక అర్థం వచ్చింది. ఏటా సీజను ముందు అరలు మళ్ళీ సర్దేవాణ్ణి. ఒక ఏడు మిషను వారీగా, ఒక ఏడు పని వారీగా. పెద్ద గుమాస్తాగారు రిటైరయ్యాక నా ఇష్టారాజ్యం. ప్రతిసారీ అన్ని తప్పులూ వెతికి వెతికి దిద్దేవాణ్ణి. ఒక్క తప్పు మాత్రం నా చేత్తో తీసి, జాగ్రత్తగా, మళ్ళీ అదే తప్పు చోట పెట్టేవాణ్ణి. అత్త ఏటా చెరకు వేసింది. రోలుగుంట ఫీల్డుమేన్లు ఏటా వెతికారు.

నాకు విశాఖపట్నంలో వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్నప్పుడు నా చోటికి కొత్తాయన వచ్చాడు. చురుకైనవాడు. వచ్చిన రోజే రెండు బీరువాలూ తెరిచి, ఈ సర్దుబాటులో బోలెడు తప్పులున్నాయి, అన్నీ సరిచేసేస్తానన్నాడు. నాకు భయం వేసింది. పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న కొసరు కార్డు ఒకటి తీసి, దాని వెనక పెద్ద అక్షరాలతో రాశాను: "దీని కిందనున్న కార్డు ఉండవలసిన చోట లేదు. దయచేసి సరిచెయ్యవద్దు." దాన్ని రోలుగుంట కట్టలో అత్త కార్డు మీద పెట్టి నాడా కట్టాను. ఎందుకని అతను అడగకముందే బస్సెక్కేశాను.

ఆ సీజనంతా దిగులుగానే ఉన్నాను. శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున పోస్టుకార్డు వచ్చింది. అత్త ఎవరిచేతనో రాయించింది. రెండే వాక్యాలు.

"బాబూ, ఈ ఏడు కూడా నాను రోలుగుంటలోనే ఉన్నాను. నువ్వు బెంగెట్టుకోకు."